ఎలుకలో డైసర్ జీన్ ఏం పని చేస్తుందో తేల్చడం ఎలా

కొండను తవ్వి ఎలుకను పట్టాడని ఎవరినైనా వెక్కిరిస్తాం కానీ ఈ పనిలో చివరికి ఎలుకే దొరకాలి, అదీ సరైన ఎలుక దొరకాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు వాళ్ళు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: "గైడ్ ఒక జీన్ పేరు చెప్పి ఎలుకలో దాని ఫంక్షన్ చూడమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఆ జీన్ ఆర్ఎన్ఏని కత్తిరించే ఎంజైమ్‌ది అయితే ఎలా నడవాలో ఇక్కడ చెప్తాను. ఉదాహరణకి డైసర్‌ని తీసుకుంటున్నా, ఎందుకంటే దాని మీద ఇరవై ఏళ్ళకు పైగా పని జరిగింది, ముందు వెళ్ళినవాళ్ళు ఎక్కడెక్కడ బోర్లాపడ్డారో మనకు కనిపిస్తుంది. మీ జీన్ వేరేదైనా దారి దాదాపు ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. "ఈ జీన్ తీసేస్తే ఎలుక చచ్చిపోయింది, కాబట్టి బతకడానికి ఈ జీన్ కావాలి" అని రాసి దాన్ని ఫంక్షన్ అనుకోకండి. మెయిన్ స్విచ్ ఆపితే ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, కాబట్టి మెయిన్ స్విచ్ పని పాలు కాపాడటం అన్నట్టు ఉంటుంది అది. కత్తెర విషయంలో అడగాల్సినవి వేరు: దేన్ని కత్తిరిస్తుంది, ఎక్కడ, ఎప్పుడు, ఆ కత్తిరింపు ఆగితేనే ఈ గొడవ వచ్చిందా లేక ప్రోటీన్ మొత్తం మాయమవడం వల్ల ఇంకేదో పాడైందా.

ముందు పేరు, అడ్రసు

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఇక్కడే వారం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఎలుక జీన్ పేరులో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది, మిగతావి చిన్నవి, పేరు మొత్తం వాలు అక్షరాల్లో రాస్తారు. మనిషి జీన్ అయితే అన్నీ పెద్ద అక్షరాలే. డైసర్ పక్కన 1 అంకె ఉంటుంది, అది మర్చిపోకండి. ఎలుకలో ఇది 12వ క్రోమోజోమ్ మీద, మనిషిలో 14వ దాని మీద ఉంది. పాత పేపర్లలో మనిషి జీన్‌ని హెర్నా అని కూడా రాశారు, వెతికేటప్పుడు ఆ పేరూ వేసి చూడండి. అమెరికాలో జాక్సన్ లేబొరేటరీ వాళ్ళు నడిపే మౌస్ జీనోమ్ ఇన్ఫర్మాటిక్స్ సైట్‌లో జీన్ పేజీ తెరిస్తే పాత పేర్లు, ఇప్పటిదాకా తయారైన మ్యుటెంట్ ఎలుకలు, ఏ ఎలుకలో ఏం లోపం కనిపించింది అన్నీ ఒకేచోట ఉంటాయి, డబ్బులు కట్టక్కర్లేదు. ఆ పేజీ పూర్తిగా చదవకుండా ప్రపోజల్ రాయకండి, నాకు తెలిసి చాలామంది చదవరు.

కత్తెర ఎలా ఉందో చూడండి

డైసర్ అన్న పేరు 2001లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో గ్రెగరీ హానన్ బృందం పెట్టింది, అదీ ఎలుకలో కాదు, పండు ఈగ కణాల మీద పని చేస్తూ. బెండకాయని ఒకే కొలతలో ముక్కలు కోసినట్టు రెండు పోగుల ఆర్ఎన్ఏని కోస్తుంది కాబట్టి ఆ పేరు.

ప్రోటీన్ల వివరాలుండే యూనిప్రాట్ సైట్ తెరిచి ప్రోటీన్‌లో ఏ భాగం ఎక్కడుందో ఒక కాగితం మీద చేత్తో గీయండి. సుమారు 1900 అమైనో ఆమ్లాల పొడవు, మొదట్లో హెలికేజ్ భాగం, మధ్యలో పాజ్ అనే భాగం, చివర్లో రెండు ఆర్ఎన్ఏస్-3 భాగాలు, అన్నిటికన్నా చివర రెండు పోగుల ఆర్ఎన్ఏని పట్టుకునే భాగం. పాజ్ భాగం ఆర్ఎన్ఏ కొసని పట్టుకుంటుంది, అక్కణ్ణుంచి కొంత దూరంలో ఉన్న రెండు ఆర్ఎన్ఏస్-3 భాగాలు చెరొక పోగుని కోస్తాయి. అంటే పాజ్‌కీ కత్తికీ మధ్య దూరమే టైలర్ టేపు. 2006లో బర్కిలీలో జెన్నిఫర్ డౌడ్నా బృందం జియార్డియా అనే పరాన్నజీవి డైసర్ ఆకారం బయటపెట్టినప్పుడు ఆ దూరం దాదాపు 65 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) ఉంది, ఆ జీవిలో తెగే ముక్క 25 న్యూక్లియోటైడ్‌లు, అంటే ఆర్ఎన్ఏ గొలుసులో 25 అక్షరాలు, వాటి పొడవు ఆ దూరంతో సరిపోయింది. ఎలుకలో, మనలో ముక్క 22 దగ్గర ఉంటుంది, కోసిన చోట ఒక పోగు కొస రెండు న్యూక్లియోటైడ్‌లు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఈ ముక్కలే మైక్రోఆర్ఎన్ఏలు, వేరే జీన్‌ల పనిని తగ్గించి అదుపులో పెట్టేవి. జడపిన్నులా మడిచి ఉన్న 60, 70 న్యూక్లియోటైడ్‌ల ముడిసరుకు నుంచి వస్తాయి, ఆ ముడిసరుకుని అంతకుముందే కేంద్రకంలో డ్రోషా, డీజీసీఆర్8 అనే జంట పెద్ద ఆర్ఎన్ఏ నుంచి కోసి పంపుతుంది. ఈ జంటని గుర్తుపెట్టుకోండి, కింద చాలా పని ఉంది వాటితో.

బొమ్మ ఎందుకు గీయమన్నానంటే, రేపు మీ నాకౌట్‌లో, అంటే జీన్ తీసేసిన ఎలుకలో, ఏ ఎక్సాన్లు (జీన్‌లో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలు) పోయాయో ఆ కాగితం మీద కొట్టేసి చూడాలి. డైసర్‌కి వేర్వేరు ల్యాబులు వేర్వేరు ఎక్సాన్ల చుట్టూ లాక్స్‌పీ గుర్తులు (క్రీ అనే ఎంజైమ్ "ఇక్కడ కోయి" అని గుర్తుపట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెట్టాయి, మీ చేతికొచ్చిన లైన్‌లో ఏది తెగుతుందో, తెగాక ముందు సగం ప్రోటీన్ తయారయ్యే అవకాశం ఉందో లేదో మీకే తెలియాలి.

పూర్తిగా తీసేసి చూడటం

మన దేశంలో అయితే ఎలుకని ముట్టుకునే ముందు మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి, ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నీ రాసిచ్చి. హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా ఇదే రూలు. కమిటీ రెండు మూడు నెలలు తీసుకుంటే కోపం తెచ్చుకోకుండా ఆ టైమ్‌లో పీసీఆర్‌కి (కావాల్సిన డీఎన్ఏ ముక్కని నకళ్ళు తీసి పెంచి చూసే పరీక్షకి) కావాల్సిన ప్రైమర్లు ఆర్డర్ చేసుకోండి. కొత్త నాకౌట్ తయారు చేయకముందు ఇంటర్నేషనల్ మౌస్ ఫీనోటైపింగ్ కన్సార్షియం సైట్ చూడండి, మీ జీన్ వాళ్ళు ఇప్పటికే తీసేసి ఉండొచ్చు, ఎలుక కూడా అడిగితే దొరకొచ్చు.

ఇక లెక్క. ఒక కాపీ పోయిన ఆడ, మగ ఎలుకల్ని కలిపితే పిల్లల్లో నాలుగోవంతు రెండు కాపీలూ పోయినవి రావాలి. ఒక్కటీ రాకపోతే? తొందరపడి "చచ్చిపోతున్నాయి" అని ప్రకటించకండి. 10 పిల్లల్లో ఒక్కటీ రాకపోవడం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 100లో 5, 6 సార్లు ఉంది. 20 పిల్లల్లో అయితే 1000కి 3 సార్లే. కాబట్టి రెండు మూడు ఈతలైనా చూశాకే మాట్లాడండి.

డైసర్ విషయంలో 2003లో హానన్ బృందమే ఈ పని చేసింది. రెండు కాపీలూ లేని పిల్ల ఒక్కటీ పుట్టలేదు, పిండాలు ఏడున్నర రోజుల దగ్గరే పోతున్నాయి, మూలకణాల గుర్తులు వాటిలో దాదాపు కనిపించలేదు. ఎలుక చూలు మొత్తం 19, 20 రోజులే, అందులో ఏడున్నర అంటే శరీరం ఆకారమే ఇంకా రాని దశ.

మీరూ ఇలా పిండాల్ని వెతకాల్సి వస్తే రోజుల లెక్క చాలా ముఖ్యం. సాయంత్రం జత చేసి మర్నాడు పొద్దున్నే ఆడ ఎలుకలో ప్లగ్ (జత కట్టాక మిగిలే గట్టి బిళ్ళ) ఉందో చూస్తారు, ఉంటే ఆ మధ్యాహ్నాన్ని 0.5 రోజుగా లెక్కపెడతారు. పొద్దున్నే అంటే నిజంగా పొద్దున్నే. మొదటి ఏడాది నేను టిఫిన్ చేసి పదకొండింటికి తీరిగ్గా వెళ్ళేవాణ్ణి, అప్పటికి చాలావాటికి ప్లగ్ ఊడిపోయి ఉండేది, "ఈ కాలనీ పాడైపోయింది సార్" అని మా గైడ్ దగ్గర ఏడ్చేవాణ్ణి. యానిమల్ హౌస్‌లో కేజ్‌లు మార్చే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి "బాబూ, ఏడింటికి రా" అన్నాడు. కాలనీ బాగైపోయింది.

ఒక్కచోట మాత్రమే తీసేయడం

పిండమే బతకకపోతే పెద్ద ఎలుకలో ఈ జీన్ ఏం చేస్తుందో ఎలా తెలుస్తుంది? ఇక్కడే క్రీ-లాక్స్ వస్తుంది. జీన్ చుట్టూ లాక్స్‌పీ గుర్తులున్న ఎలుకని, ఒక రకం కణాల్లోనే క్రీ ఎంజైమ్ తయారుచేసే ఎలుకతో కలుపుతారు. ఆ కణాల్లో మాత్రమే జీన్ తెగుతుంది.

డైసర్‌ని ఇలా ఒక్కోచోట తీసి చూసినవి బోలెడు. 2005లో కాళ్ళు మొలిచే మొగ్గల్లో తీసేస్తే కాళ్ళు బాగా చిన్నవిగా వచ్చాయి, కానీ వేళ్ళు, ఎముకల అమరిక మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. గుండె కండరంలో తీసేస్తే గుండె ఉబ్బి, పంప్ చేయలేక, పుట్టిన కొద్దిరోజులకే పిల్లలు చచ్చిపోయాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది 2007లో చిన్నమెదడులోని పర్కింజీ కణాల్లో చేసింది: మైక్రోఆర్ఎన్ఏలు పోయాక కూడా ఆ కణాలు వారాల తరబడి మామూలుగానే పని చేశాయి, తర్వాతే మెల్లగా చావడం మొదలై ఎలుక నడక తూలింది. అంటే జీన్ తెగిన రోజే లోపం కనిపించాలని రూలేం లేదు. జీన్ తెగుతుంది, ఉన్న ప్రోటీన్ కొన్ని రోజులుంటుంది, అది పోయాక కూడా దానితో తయారైన మైక్రోఆర్ఎన్ఏలు ఇంకొన్ని రోజులుంటాయి, ఆ తర్వాతే కణానికి తెలుస్తుంది. రెండు వారాల ఎలుకలో ఏం లేదని ప్రాజెక్టు మూసేయకండి.

క్రీతో జాగ్రత్తలు కొన్ని చెప్తా, వీటిలో ఏది వదిలేసినా రివ్యూయర్ అదే పట్టుకుంటాడు. క్రీ ఉండి లాక్స్‌పీ లేని ఎలుకని కూడా కంట్రోల్‌గా పెట్టండి, ఎందుకంటే క్రీ ఎక్కువైతే అదే కణాన్ని ఇబ్బంది పెడుతుంది, గుండెలో ఇది బాగా తెలిసిన సంగతి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళనే పోల్చండి, పక్క కేజ్‌లో వేరే ఈత ఎలుకని తెచ్చి పోల్చితే వయసు, తల్లి పాలు అన్నీ మారిపోతాయి. తోక డీఎన్ఏ పీసీఆర్‌లో తెగిన బ్యాండ్ కనిపించిందంటే క్రీ ఎక్కడో లీక్ అయింది, తోకలో తెగకూడదు కదా, ఆ ఎలుకని లెక్కలోంచి తీసేయండి. అలాగే మీకు కావాల్సిన అవయవంలో నిజంగా ఎంత శాతం తెగిందో కూడా కొలవండి. సగం కణాల్లో తెగకపోతే "ఏ మార్పూ లేదు" అన్న రిజల్ట్‌కి అర్థమే లేదు.

కత్తిరింపు ఆగిందని కొలిచి చూపించడం

జీన్ పోయిందని చూపించారు, ఎలుకకి జబ్బు వచ్చిందని చూపించారు, మధ్యలో ఏం జరిగింది? చిన్న ఆర్ఎన్ఏల సీక్వెన్సింగ్ చేయండి, అంటే ఒక్కో ముక్కనీ అక్షరాలుగా చదివి లెక్కపెట్టడం. పొడవుల గ్రాఫ్ గీస్తే మామూలు ఎలుకలో 21 నుంచి 23 దగ్గర గోపురంలా లేస్తుంది, డైసర్ లేనిదాంట్లో ఆ గోపురం కూలాలి.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. సీక్వెన్సింగ్ ఇచ్చేది వాటాలే, మొత్తాలు కాదు. ఆఫీసులో అందరి జీతమూ సగమైతే ఎవరి వాటా శాతమూ మారదు, కాగితం మీద అంతా బాగున్నట్టే ఉంటుంది. డైసర్ పోతే మైక్రోఆర్ఎన్ఏలన్నీ కలిసి తగ్గుతాయి, కంప్యూటర్ వాటిని సాగదీసి మామూలుగా చూపిస్తుంది. అందుకే ఆర్ఎన్ఏ తీసేటప్పుడే తెలిసిన మోతాదులో బయటి ఆర్ఎన్ఏ కొంచెం కలపాలి, తర్వాత దాంతో పోల్చాలి. ఇది ముందే చేయాలి, డేటా వచ్చాక గుర్తొస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సీక్వెన్సింగ్‌కి డబ్బుల్లేకపోతే రెండు మూడు మైక్రోఆర్ఎన్ఏలని పీసీఆర్‌తో కొలిచి, డైసర్‌తో సంబంధం లేని యూ6 ఆర్ఎన్ఏతో పోల్చినా మొదటి అడుగుకి సరిపోతుంది.

అసలు ఏ ముక్క కోసం ఈ గోలంతా?

ఇక్కడ తొందరపడకండి. డైసర్ తీసేస్తే లోపం వచ్చింది, డైసర్ మైక్రోఆర్ఎన్ఏలు చేస్తుంది, కాబట్టి మైక్రోఆర్ఎన్ఏలు లేక లోపం వచ్చింది అనుకోవడం చాలా తేలిక. చాలా పేపర్లు అలాగే రాసేశాయి కూడా. అది తప్పని తేల్చింది ఎలుక అండకణం.

2007లో పెరుగుతున్న అండకణంలో మాత్రమే డైసర్‌ని తీసేశారు. ఆడ ఎలుకలు గొడ్డుపోయాయి, అండం విభజన టైమ్‌లో క్రోమోజోములని లాగే స్పిండిల్ చిందరవందరగా ఉంది. అందరూ మైక్రోఆర్ఎన్ఏలే అనుకున్నారు. మీరైతే ఏం చేస్తారు? పైన గుర్తుపెట్టుకోమన్న జంట దగ్గరికి వెళ్ళాలి. దాదాపు ప్రతి మైక్రోఆర్ఎన్ఏకీ డీజీసీఆర్8 కావాలి, డైసరూ కావాలి. కానీ పొడవాటి రెండు పోగుల ఆర్ఎన్ఏ నుంచి వచ్చే ఇంకో రకం ముక్కలకి, అంటే కణంలోనే పుట్టే ఎస్ఐఆర్ఎన్ఏలకి, డైసర్ ఒక్కటి చాలు, డీజీసీఆర్8 అక్కర్లేదు. కాబట్టి డీజీసీఆర్8ని తీసి చూడండి. లోపం వస్తే మైక్రోఆర్ఎన్ఏ తప్పు, రాకపోతే రెండోదాని పని. 2010లో అదే చేశారు. డీజీసీఆర్8 లేని అండాలు చక్కగా ఎదిగాయి, ఆరోగ్యంగా కనిపించే పిల్లలు కూడా పుట్టాయి! అండకణంలో ఈ ఎస్ఐఆర్ఎన్ఏలు ఉన్నాయని 2008లోనే కనిపెట్టారు, ఇప్పుడు వాటి అవసరం ఏంటో తెలిసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2013లో ప్రాగ్‌లో పెట్ర్ స్వొబోడా బృందం ఎలుక అండకణంలో ఉన్నది మామూలు డైసర్ కాదని చూపించింది. ఎప్పుడో జీన్ ఆరో ఇంట్రాన్‌లోకి (ఎక్సాన్ల మధ్య ఉండే భాగంలోకి) దూరిన ఒక రెట్రోట్రాన్స్‌పోజాన్ (జీనోమ్‌లో నకళ్ళు చేసుకుంటూ గెంతే డీఎన్ఏ) ముక్క అక్కడ సొంత స్విచ్‌లా పని చేస్తోంది, దాంతో అండకణంలో మొదటి హెలికేజ్ భాగం లేని పొట్టి డైసర్ తయారవుతుంది, ఆ పొట్టిది పొడవాటి రెండు పోగుల ఆర్ఎన్ఏని ఇంకా బాగా కోస్తుంది. ఆ స్విచ్ ఒక్కటీ తీసేస్తే ఆడ ఎలుకలు గొడ్డుపోయాయి. ఇది ఎలుకల కుటుంబంలో మాత్రమే ఉన్న ఏర్పాటు, మనిషిలో లేదు. "ఎలుకలో డైసర్ లేక గొడ్డుపోయింది కాబట్టి ఆడవాళ్ళలో సంతానలేమికి..." అని డిస్కషన్ మొదలుపెట్టబోయే వాళ్ళు ఇక్కడ పెన్ను కింద పెట్టాలి. మీ జీన్‌కి కూడా ఎన్‌సెంబుల్ అనే జీనోమ్ సైట్‌లో ఎన్ని రూపాలున్నాయో, ఏ అవయవంలో ఏ ఎక్సాన్ దగ్గర మొదలవుతుందో తప్పకుండా చూడండి. అర్ధగంట పని.

ప్రోటీన్‌ని ఉంచి కత్తి మాత్రం మొద్దు చేయడం

నాకౌట్ అంటే ప్రోటీనే లేదు. కత్తిరించడమే ముఖ్యమా అని తెలియాలంటే కత్తి దగ్గర ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి, ప్రోటీన్ మాత్రం ఉండేలా చేయాలి. ఇప్పుడు డీఎన్ఏని కోరిన చోట మార్చే క్రిస్పర్ పద్ధతితో ఇది పాత రోజులకంటే చాలా సులువు. కత్తి మొద్దైనా ప్రోటీన్ మామూలు మోతాదులో ఉందని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంతుందో చూసే పరీక్షలో) చూపించడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే అది ఇంకో నాకౌట్ కిందే లెక్క.

మంచి ఉదాహరణ డైసర్‌ది కాదు, మైక్రోఆర్ఎన్ఏలని పట్టుకుని తిరిగే ఏజీఓ2ది, అది కూడా ఆర్ఎన్ఏని కోస్తుంది. ఏజీఓ2 పూర్తిగా లేకపోతే పిండమే పోతుంది. 2010లో కత్తి మాత్రం మొద్దు చేస్తే పిల్లలు పుట్టాయి, కానీ రక్తహీనతతో పుట్టిన కొద్దిసేపటికే పోయాయి. ఎందుకంటే ఎర్ర రక్తకణాలకి కావాల్సిన మైక్రోఆర్ఎన్ఏ-451 అనే ముక్కని డైసర్ కోయదు, ఏజీఓ2నే కోస్తుంది. తర్వాత 2015లో అండకణంలో కూడా ఏజీఓ2 కత్తి మొద్దు చేస్తే డైసర్ లేనప్పటిలాంటి స్పిండిల్ గొడవే వచ్చింది, పై కథకి అది గట్టి సాక్ష్యం. ప్రోటీన్ మొత్తం తీసేసి కూర్చుంటే ఇవేవీ తెలిసేవి కావు.

డైసర్‌లో రెండు కత్తులున్నాయి కాబట్టి ఒక్కోదాన్నీ విడివిడిగా మొద్దు చేయొచ్చు. రెండో ఆర్ఎన్ఏస్-3 భాగం పాడైతే జడపిన్ను ఎడమ చేతి వైపు, అంటే ఆర్ఎన్ఏ మొదలయ్యే కొస (5 ప్రైమ్) వైపు నుంచి వచ్చే మైక్రోఆర్ఎన్ఏలే తగ్గుతాయి. మనుషుల్లో డైసర్ సిండ్రోమ్ అనే కుటుంబ వ్యాధిలో గడ్డల్లో కనిపించే మార్పులు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి, చిన్నపిల్లల్లో వచ్చే అరుదైన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో దానికి సంబంధం 2009లో తెలిసింది. అదే ఏడాది ఎలుకల్లో ఒక కాపీ పోతే గడ్డలు త్వరగా పెరుగుతాయని, రెండూ పోతే అలా జరగదని తేలింది. కాబట్టి ఒక కాపీ పోయిన ఎలుకలని "అవి మామూలే" అని కేజ్‌లోంచి తీసేయకుండా ఏడాది, రెండేళ్ళు ఉంచి చూడండి. కేజ్ ఖర్చు ఎక్కువే, మీ గైడ్‌ని ఒప్పించుకోండి.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

చివరికి మీరు రాసే వాక్యం ఇలా ఉండాలి: "ఎలుక పెరుగుతున్న అండకణంలో, పొట్టి డైసర్ పొడవాటి రెండు పోగుల ఆర్ఎన్ఏని కోసి ఎస్ఐఆర్ఎన్ఏలు చేస్తుంది, అవి లేకపోతే స్పిండిల్ చెదిరి ఆడ ఎలుక గొడ్డుపోతుంది." చోటు, రూపం, సరుకు, ఫలితం నాలుగూ ఉన్నాయి చూడండి. మీ వాక్యంలో వీటిలో ఏది ఖాళీగా ఉందో అదే మీ తర్వాతి ప్రయోగం.

ఇంకొకటి, తోక ముక్కల డీఎన్ఏ పేపర్ అచ్చయ్యేదాకా పారేయకండి. ఒకసారి నా రెండు ఈతల ట్యూబుల మీద నంబర్లు అటూ ఇటూ అయ్యాయి, ఏడు నెలల తర్వాత బయటపడింది, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పాత డీఎన్ఏ ఉంది కాబట్టి రెండు రోజుల్లో మళ్ళీ పీసీఆర్ చేసి సరిచేసుకున్నా. ట్యూబు మూత మీద ఒకసారి, పక్కన ఒకసారి, రెండుచోట్లా రాయండి, పెన్సిల్‌తో కాదు, ఆల్కహాల్‌కి చెరగని మార్కర్‌తో.